మసి వయసు

పెడన కాలవ గట్టున ఆరేసిన కలంకారీ దుప్పటి మీద మళ్లీ మసి రాలింది. బాజికి ఒళ్లు మండిపోయింది. మూడు రంగులు అద్ది, రాగి కాగులో ఉడకబెట్టి, కాలవలో జాడించి ఆరేసిన సరుకు. సరిగ్గా నెమలి కంటి మీదే నల్లటి మచ్చ. ఇంకెవరు కొంటారు దీన్ని?

"ఇదంతా ఆ ఫ్యాక్టరీ బొగ్గే!" అన్నాడు భార్యతో.

రహమత్ బీ అటు చూసింది. చేపల మేత ఫ్యాక్టరీ గేటు పక్కన ఇంత ఎత్తున బొగ్గుగుట్ట. దాని మీద మొలిచిన గడ్డిని రెండు మేకలు తీరిగ్గా మేస్తున్నాయి.

"ఫ్యాక్టరీ వచ్చి నాలుగేళ్లయింది. మసి పడుతోంది రెండేళ్ల నుంచేగా?" అందామె.

"నువ్వూరుకో! నలభై ఏళ్లుగా మన పొయ్యి మండుతోంది. ఏనాడైనా మచ్చ పడిందా?"

అప్పటికే అతను పద్నాలుగు అద్దకం షెడ్ల వాళ్లనీ కూడగట్టి ఫ్యాక్టరీ ముందు టెంటు వేయించాడు.

మూడో రోజు యజమాని పిచ్చేశ్వరరావే వచ్చి టెంటులో కూర్చున్నాడు. మనిషి వెన్నపూస.

"గొడవెందుకు బాజీ? మీ పొయ్యిల్లోనూ కట్టెలు మండుతున్నాయిగా. మసి ఎవరిదో పరీక్ష చేయిద్దాం. బొగ్గుదని తేలితే ఫ్యాక్టరీకి తాళం వేస్తా. కాదని తేలితే మీరు పొయ్యిలు ఆర్పేయాలి. కాగితం రాసుకుందామా?"

యూనివర్సిటీ నుంచి వందన అనే అమ్మాయి వచ్చింది. దుప్పట్ల మీది మసిని చిన్న సీసాల్లోకి దులుపుకుంది.

"రేడియోకార్బన్ పరీక్షండీ. మసి వయసు చెబుతుంది. బొగ్గు, డీజిలు కోట్ల ఏళ్ల నాటివి. వాటి మసి ముసలిది. ఈమధ్య పెరిగింది ఏది కాలినా పడుచు మసి వస్తుంది. రెంటి మధ్యా పొరపాటు పడే ప్రసక్తే లేదు" అంది.

"అంతకన్నా ఏం కావాలమ్మా!" అన్నాడు బాజి. పద్నాలుగు షెడ్ల తరఫునా సంతకం తనే పెట్టాడు. పెట్టేముందు మీసం కూడా దువ్వుకున్నాడు.

రిపోర్టు వచ్చింది. నూటికి తొంభై ఏడు పాళ్లు పడుచు మసి. బొగ్గు జాడ లేనట్టే.

వందన ఇంకా ఏదో చెప్పబోతుంటే పిచ్చేశ్వరరావు ఆమె చేతికి కొబ్బరిబొండాం అందించాడు. "ఎండన పడి వచ్చావు, తాగమ్మా" అన్నాడు.

బాజి మాట తప్పే మనిషి కాదు. మొదటి బిందె నీళ్లు తన పొయ్యిలోనే గుమ్మరించాడు. మిగతా పదమూడూ దగ్గరుండి ఆర్పించాడు. ఆ రోజు నుంచి పెడనలో అతని సలాముకి బదులు పలికినవాడు లేడు.

నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. సిగ్గు చంపుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. పిచ్చేశ్వరరావు పెద్ద మనసు చేసుకుని బాయిలర్ పని ఇప్పించాడు.

బాజి పార భుజాన వేసుకుని, తలొంచుకుని బొగ్గుగుట్ట వైపు నడిచాడు. మేకలు పక్కకి తప్పుకున్నాయి.

"అటెక్కడికి బాబాయ్, వెనక షెడ్డులోకి రా," అని కేకేశాడు మేస్త్రి విల్సన్, "బొగ్గు మానేసి రెండేళ్లయింది, మనం కాల్చేది వడ్ల ఊక!"