బంద్ కాని పని

"బంద్‌కి పిలుపునిచ్చి, ప్రాజెక్టుకి పంగనామం పెడతావా? నీకు సున్నా!" అన్నారు పట్టాభి మాస్టారు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదాయన.

విద్యార్థి సంఘం కార్యదర్శి జ్ఞానానందం తల వంచుకున్నాడు.

"ఇది చూడండి సార్," అంటూ అతని జట్టులోని లోయిస్ కంప్యూటర్ తెర తిప్పింది. ఎవరెప్పుడు ఏం రాశారో జట్టు సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. నిన్నటి బంద్‌కి కలకత్తా అంతా కదలకపోయినా, జ్ఞానానందం ఇంటినుంచే ఇరవై మూడుసార్లు కోడ్ పంపాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ఏటి చెయ్యమంటారు సార్? కంప్యూటర్ తెరిచి చూస్తే లోయిస్ ఒక్కర్తే తంటాలు పడతంది. చూస్తా ఊరుకోలేకపోయాను."

"శభాష్! ఈ పేజీ నోటీసు బోర్డుకి అంటిస్తాను."

"బాబ్బాబు, అంత పని చెయ్యకండి. గుమ్మంలో మా సంఘమోళ్లున్నారు!"

మాస్టారు నవ్వాపుకుని, పూర్తి మార్కులు వేస్తూనే, గుమ్మం దాకా వినబడేలా గర్జించారు: "నిన్నంతా ఒక్క ముక్కైనా రాశావా, పనిదొంగా?"