అట్టకోట మీద సిపాయి

"జూడమ్మా, లక్షమంది చూసిండ్రు!" అమీర్‌పేటలో ఎడిటింగ్ నేర్చుకుంటున్న ప్రవీణ్ తను చేసిన రీలును తల్లి పోచమ్మ ముందు పెట్టాడు.

పాత జానపద సినిమా. అట్టకోట మీద చెక్కకత్తి తిప్పుతున్న సిపాయి కాలుజారి కిందపడ్డాడు. ఆ పడడాన్నే ప్రవీణ్ నవ్వుల మోత కలిపి మూడుసార్లు చూపించాడు.

"అందరికీ చిన్నతనం యాదికొచ్చిందంట!"

పోచమ్మ నవ్వలేదు. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తీసుకుంది.

"నీ మేనమామరా."

"షూటింగ్‌ల సచ్చిపోయిన మామనా?"

"గీ సినిమాలనే, గిట్ల పడే పోయిండు. మళ్ల తీస్తే ఖర్చని గా పడ్డదే సినిమాల ఉంచిండ్రు. మా అన్న ఒక్కసారే పడ్డడు బిడ్డా. నువ్వు మూడుసార్లు పడేసినవ్."

ఆపుదామని ప్రవీణ్ వేలు చాచేలోపే, నవ్వుల మోతతో రీలు దానంతటదే మళ్లీ మొదలైంది.