నల్లకంకులు

"క్రిస్మస్ అయిపోయి పది రోజులు దాటింది. ఈ ఎండుకొమ్మలు ఇంకా ఎవరి కోసమండీ ప్రిస్కిల్లా గారూ?" అంది దీవెన.

ప్రిస్కిల్లా బెంచీ మీంచి కదల్లేదు.

"కట్టినప్పుడు నన్నడిగారు. విప్పేది నువ్వేగా. విప్పుకో."

పదేళ్ళుగా ఆ ఊరి చర్చిని ప్రతి పండక్కీ అలంకరించింది ఆవిడే. ఈ జనవరి కోత పండుగకి మాత్రం సంఘ పెద్దలు ఆ పనిని స్కూలు టీచరు దీవెనకి అప్పజెప్పారు. పండుగ రేపే.

ఏ చిన్న వంక దొరికినా వచ్చే ఏడు మళ్ళీ ఆవిడకే ఇచ్చేస్తారని దీవెనకి తెలుసు.

ఆవిడకీ తెలుసు. అందుకే మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుంది.

దీవెన ఎండిన సరుగుడు కొమ్మలన్నీ ఈడ్చుకెళ్ళి పెరట్లో మంట పెట్టింది. తిరిగొచ్చి, భీమవరం నుంచి తెప్పించిన బంగారు రంగు వరికంకుల్ని బలిపీఠం చుట్టూ నిలబెట్టింది.

"ప్లాస్టిక్కా?"

"అవునండి."

"కోత పండక్కి ప్లాస్టిక్ కంకులా! రేపు వీటినే దంచి అన్నం వండిస్తావా ఏంటి?"

"ఊళ్ళో చేలన్నీ మిషనే కోసింది. ఎక్కడైనా కంకులతో ఒక్క పన మిగిల్తే చూపించండి, తెచ్చి కడతాను."

ఆవిడ నవ్వింది. దీవెనకి ఒళ్ళు మండింది.

అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

ఒక ముసలాయన. చెప్పులు మెట్ల కిందే విడిచి నిలబడ్డాడు. రెండు చేతుల్లో ఒక వరికుచ్చు. పిచ్చుకల కోసం చూరుకు కడతారే, అలాంటిది. జడలా నేర్పుగా అల్లి ఉంది.

కంకులు మాత్రం నల్లగా ఉన్నాయి. కొన్ని గింజలకి మొలకలొచ్చి ఎండిపోయాయి.

"ఎవరండీ?" అంది దీవెన.

"అయ్యగారున్నారా అండి?"

"పాస్టరు గారు రామచంద్రపురం వెళ్ళారు. పనేంటి?"

"ఇది రేపు దేవుడి ముందు పెడదామనండి."

"అమ్మడానికొచ్చావా?"

"అబ్బే, కాదండి. మన చేలోదేనండి."

"మన చేనేంటి? నీకూ నాకూ పొత్తు చేలున్నాయా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. దీవెన చెప్పనివ్వలేదు.

"ఏ సంఘం మీది?"

"సంఘమంటూ లేదండి. కాలవ అవతల ఊరండి మాది."

"సంఘమే లేదు. మరి నీకిక్కడేం పని?"

వెనక నుంచి ప్రిస్కిల్లా పకపకా నవ్వింది.

"కట్టవే దీవెనా! పన చూపించమన్నావుగా, నడిచి నీ దగ్గరికే వచ్చింది. నలుపైతే ఏం? నీ బంగారు కంకులకి దిష్టి తగలకుండా ఉంటుంది!"

దీవెన మొహం ఎర్రబడింది. ఆ కోపం అంతా ముసలాయన మీదికి తిరిగింది.

"తాలు గింజలు తెచ్చి దేవుడికిస్తావా? పట్టుకెళ్ళి నీ గేదెకి వేసుకో!"

"తాలు కాదండి. ఒక్క గింజ నలిపి చూడండి. లోపల బియ్యం ఉందండి."

"చెప్తుంటే వినపడదా?"

ఆయన చేతుల్లోంచి కుచ్చు లాక్కుంది. విసవిసా పెరట్లోకి నడిచింది. మంటలో పడేసింది.

గడ్డి భగ్గుమంది. గింజలు చిటపటా పేలి, ఒక్కొక్కటే తెల్లగా విచ్చుకున్నాయి.

ఆమె వెనకే వచ్చిన ముసలాయన మంట వైపు ఒక అడుగు వేశాడు. ఆగిపోయాడు.

"బియ్యం ఉందని చెప్పానండి," అన్నాడు మెల్లగా.

పెరటి గుమ్మంలో నిలబడి చూస్తున్న ప్రిస్కిల్లా నవ్వు ఆపేసింది.

"పాస్టరు గారొస్తే ఏం చెప్పమంటారు?" అని అడిగింది.

"వచ్చి వెళ్ళానని చెప్పండమ్మా."

"ఎవరని?"

"ఆయనకి తెలుసండి."

చెప్పులు తొడుక్కుని కాలవ గట్టు వైపు వెళ్ళిపోయాడు.

"ఇలాంటి వాళ్ళకి సందిస్తే రేపు ఒక్కొక్కరూ గడ్డిమోపు నెత్తినెట్టుకుని వస్తారు," అంది దీవెన.

ప్రిస్కిల్లా వెళ్ళి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది.

సాయంత్రం పాస్టరు శ్యాంబాబు గారు వచ్చారు. అలంకరణంతా చూసి బావుందన్నారు. తర్వాత ఏదో వెతుకుతున్నట్టు బలిపీఠానికి అటూ ఇటూ చూశారు.

"అమ్మిరాజు గారు రాలేదా అమ్మా?"

"ఏ అమ్మిరాజు గారండి?" అంది దీవెన.

"కాలవ అవతల మన చర్చి చేను కౌలుకి చేసే రైతు. మొన్నటి తుఫానుకి రెండెకరాలూ మునిగిపోయాయి కదా. నీళ్ళు తీశాక బురదలో దిగి, నిలిచిన కంకులు ఒక్కొక్కటే ఏరారట. 'ఈ ఏడు పండింది అంతేనండి, మీ దేవుడి చేను కదా, ఆయనకే ఇచ్చేస్తాను' అన్నారు. కుచ్చు కట్టి ఇవాళ తెస్తానన్నారు."

దీవెన చెయ్యి ప్లాస్టిక్ కంకి మీద ఆగిపోయింది.

"వచ్చారండి," అంది ప్రిస్కిల్లా, ఎటూ చూడకుండా.

"మరి కుచ్చేదీ?"

దీవెన వంగి, సరిగ్గా ఉన్న కంకినే మళ్ళీ సర్దింది; ప్రిస్కిల్లా పెరటి గుమ్మం వైపు చూసింది.

"ఆయనకి మొహమాటం. పెట్టమంటారో లేదోనని మళ్ళీ పట్టుకెళ్ళిపోయి ఉంటారు. పొద్దున్నే నేనే వెళ్ళి పిలుచుకొస్తాను," అన్నారు పాస్టరు గారు.

మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగారు.

"ఈ మాట ఎవరికీ చెప్పొద్దన్నారు గానీ, మొన్న క్రిస్మస్ విందులో మన ఊరంతా తిన్న అన్నం, కౌలు బాకీ పడకూడదని ఆయన పంపిన, వాళ్ళింట్లో ఏడాది తిండికని దాచుకున్న బియ్యమేనమ్మా."