రుచి తెలియని మందు

భార్య తనకు విషం పెట్టబోతోందని ప్రేమ్ కుమార్‌కు ఆదివారం చర్చి నుంచి వచ్చాక తెలిసింది.

అతను బట్టలు మార్చుకుంటుంటే, వంటింట్లో వినీల ఫోన్లో మాట్లాడుతోంది.

"పిన్నీ, పూర్వం అన్నంలో మందు కలిపేవారు కదా, చేదు తెలిసిపోయేది కాదా? ... ఓహో, పులుపులో అయితే తెలీదన్నమాట. సరే, చింతచిగురులో చూస్తాను."

ఆ మధ్యాహ్నం కంచంలోకి చింతచిగురు రొయ్యలు వచ్చాయి.

వినీల రామచంద్రపురంలో సోషల్ టీచరు. నూట డెబ్బై ఏళ్ల కిందట, దొరలు ఏటికి ఆనకట్ట కడుతున్న కాలంలో పెద్దాపురంలో జరిగినట్టు ఒక నవల రాస్తోంది. ఇంకెవరి భర్తయినా అయితే, నవల కోసం అడుగుతోందిలే అనుకుని నిశ్చింతగా కలుపుకుని తినేవాడు. ప్రేమ్ కుమార్‌కు ఆ అదృష్టం లేదు. వినీల తాను చూడనిది కాగితం మీద పెట్టదు. తెలియనిది రాస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టే అంటుంది. మొదటి అధ్యాయంలో కిరసనాయిలు దీపం వచ్చిందని, అప్పటికి అది ఇక్కడ లేదని, మొత్తం చింపేసి ఆముదం దీపం ముందు కూర్చుని మళ్లీ రాసింది. పావుకోళ్లతో మేడ మెట్లు ఎక్కితే చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో తేల్చుకోవడానికి మొగుడి చేతే ఎక్కించింది. సగంలో అతని కాలు మడతపడింది. "ఇది కూడా పనికొస్తుందండి," అంది కట్టు కడుతూ.

ఇప్పుడు విషం దాకా వచ్చింది.

"తినరేంటండి?" గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అతన్నే చూస్తూ అడిగింది.

"కడుపులో బాగోలేదు."

"అప్పుడేనా?" అంది వినీల, ఆసక్తిగా.

ఆవిడ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లగానే కంచంలో కూరంతా పెరట్లో పిల్లికి వేశాడు. అది శుభ్రంగా తిని, కాళ్లు బారజాపి పడుకుంది. ప్రేమ్ కుమార్ వంగి, దాని పొట్ట కదులుతోందో లేదో చూశాడు. కాసేపటికి పిల్లి ఒక కన్ను తెరిచి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

మర్నాడు కరెంటాఫీసులో పక్క సీటు త్రిమూర్తులుకు చెప్పుకున్నాడు.

"కారణం ఏమైనా ఉందాండి?" అన్నాడు త్రిమూర్తులు.

ఉంది. మొన్నామధ్య ఒక పెళ్లి భోజనాల్లో, మా ఆవిడ పుస్తకాలకి మా అటక మీద మంచి గిరాకీ అని అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. వినీల కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు గుబులుగా ఉంది.

త్రిమూర్తులు చాలాసేపు ఆలోచించాడు. "ఆవిడ తిన్నాక తినండి. ఆవిడ తినకపోతే మా ఇంటికి వచ్చేయండి."

ఆ రోజు నుంచి ప్రేమ్ కుమార్ వంటింట్లోనే ఉన్నాడు. ఉల్లిపాయలు తరిగాడు, పోపు పెట్టాడు, ఏ డబ్బాలోంచి ఏం పడుతోందో కళ్లప్పగించి చూశాడు. "అలిసిపోయావు, ముందు నువ్వు తిను," అని భార్యకు వడ్డించి, ఆవిడ నాలుగు ముద్దలు మింగాక గానీ తను కంచం ముందు కూర్చోలేదు. గిన్నెలు కూడా తనే తోమాడు. పక్కింటి పాపాయమ్మ గారు గోడ మీంచి చూసి, "మీవారు బంగారమండి," అన్నారు. వినీల తలూపింది. ఊపుతూనే తలుపు చాటు నుంచి అతన్ని తేరిపార చూసింది.

శనివారం మళ్లీ ఫోను. "పిన్నీ, ఎన్నాళ్లకి పనిచేస్తుందంటావు? ... అంత తొందరగానా?"

మధ్యాహ్నం గోంగూర. ఇక ప్రేమ్ కుమార్ ఆగలేకపోయాడు. కంచం పక్కకు తోసేశాడు.

"నాకేం పెడుతున్నావో చెప్పేయ్ వినీలా."

వినీల చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. కోపం లేదు, కంగారు లేదు.

"నోరు ఎండిపోతోందా?"

"పోతోంది."

"గుండె దడ?"

"ఉంది."

"నిద్ర?"

"ఎక్కడిది?"

"అరచేతులు ఒకసారి చూడనివ్వండి."

చాచాడు. చెమటతో తడిసి ఉన్నాయి. బల్ల పట్టుకుని, "ఆస్పత్రికైనా తీసుకెళ్తావా?" అన్నాడు నీరసంగా.

వినీల అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. తృప్తిగా తలూపింది.

"మీకేం కాలేదండి, నేను పిన్నికి ఫోనే చెయ్యలేదు. నా నవల్లో విషం కూడా లేదు. పెళ్లాం విషం పెడుతోందని ఊరికే హడలి చచ్చే మొగుడొకడున్నాడు, ఆ భయం కళ్లారా చూడకుండా ఎలా రాసేది?"