మండలు కొట్టిన నల్లమద్ది

మూడుకాళ్ల మిషను చేనులో నిలబడగానే అంతయ్య పత్తికట్టెలోకి దూరాడు.

"నేను లేనని చెప్పు. పేరడిగితే చెప్పకు. ఏలుముద్ర అసలే పెట్టకు" అని భార్య కిష్టవ్వకు గుసగుసగా చెప్పి మరీ దూరాడు.

ఆసిఫాబాద్ అడవి అంచునున్న ఆ ఊళ్లో ఇదే రివాజు. కొలిచేవాళ్లు వచ్చారంటే మగవాళ్లు మాయం. ఎదురుపడి మాట్లాడాల్సింది ఆడవాళ్లే.

భయపడరా మరి? నిరుడు ఇట్లాంటి మిషనే కొమురెల్లి చేనుకు వచ్చింది. ఆ వెనకే జేసీబీ వచ్చి చేను నడుమ కందకం తవ్వింది. అది అడవి భూమి అన్నారు. కొమురెల్లి ఇప్పుడు పక్క ఊరికి కూలికి పోతున్నాడు.

అంతయ్య చేను కూడా అడవి భూమేనని కోర్టులో కేసు నడుస్తోంది. ఆ చేను పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే కుక్క మొరిగినా వాళ్లు ఉలిక్కిపడతారు. ఫోను మోగితే ఫారెస్టోళ్లేనేమోనని, అంతయ్య దాన్ని ఆపేసి బియ్యం డబ్బాలో పడేశాడు.

మిషను తెచ్చింది ఒక అమ్మాయి. జీపు లేదు, యూనిఫాం లేదు. ఆటోలో వచ్చింది. కిష్టవ్వకు అది మరీ అనుమానమనిపించింది.

"నా పేరు రచన అమ్మా. అంతయ్యగారి చేను ఇదేనా?"

"అంతయ్యనా? గాయిన ఎవలో నాకు తెల్వదు."

"మరి మీరు?"

"మేకలు కాసెటోళ్లం బిడ్డా. గిట్ల పోతున్నం."

రచన ముఖం చిన్నబోయింది. అయినా చేను నడుమనున్న నల్లమద్ది చెట్టు ముందు మిషను సర్దింది. మిషను తల గిర్రున తిరిగింది.

"గదేం చేస్తది బిడ్డా?"

"కంటికి కనపడని వెలుగును చెట్టు మీదికి వదులుతుందమ్మా. ఏ కొమ్మ ఎక్కడ చీలింది, ఎంత లావుంది, మొత్తం బొమ్మ వస్తుంది."

"కొమ్మల లెక్క దేనికి?"

"చెట్టుకు ఏం జరిగిందో కొమ్మల్లో తెలుస్తుంది. దానంతట అది పెరిగితే ఒక తీరు, మనిషి నరికితే ఇంకో తీరు."

కిష్టవ్వ పత్తికట్టె వైపు ఓరగా చూసింది.

రచన చెట్టు పైకి చూపించింది. "పిడికిళ్లలా ఆ బుడిపెలు చూడండి. ఏటేటా అక్కడే నరికారు. కిందనున్నవి ఇంకా పాతవి. ఎవరు నరికారమ్మా?"

ఎవరేమిటి? మేకల మేతకు ఎండాకాలమల్లా ఆకు మండలు కొట్టింది ఈ ఇంటివాళ్లే. మామ కొట్టాడు, మామ తండ్రి కొట్టాడు, ఇప్పుడు అంతయ్య కొడుతున్నాడు. ఆ మాట నోరు జారితే అడవి చెట్టు నరికారని ఇంకో కేసవుతుందని కిష్టవ్వ హడలిపోయింది.

"ఎవ్వలు నరకలే! మేం ముట్టనే ముట్టలే. గాలికి ఇరిగినై."

"గాలికి విరిగితే ఇట్లా ఉండదమ్మా" అంది రచన మెల్లగా.

అంతలో గాలి లేచింది. కొమ్మలు ఊగసాగాయి. రచన మిషను ఆపేసింది.

"కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. రేపు పొద్దున్నే, గాలి లేవకముందే వస్తాను. అంతయ్యగారు కనబడితే చెప్పండి, ఆయనతో మాట్లాడాలి. కేసు సంగతి, వేరేవాళ్లకు చెప్పేది కాదు."

ఆటో కనుమరుగయ్యాక అంతయ్య తలలో ఆకులతో బయటికొచ్చాడు.

"ఏమన్నదే?"

"చెట్టును ఎవలు నరికిన్రో మిషన్ల పడ్తదట. కేసు సంగతి నీతోనే మాట్లాడుతదట."

"సచ్చినం పో!"

"మీ తాత గొడ్డలి దెబ్బ గూడ కనిపెట్టేటట్టుందయ్యా."

అంతయ్య తల పట్టుకున్నాడు. "చేనూ పోతది, జైలూ అయితది. అసలు చెట్టే లేకుంటే దేన్ని జూపిస్తది? గాలికి పడ్డదని చెప్తం."

కొమురెల్లి రంపం మిషను తెచ్చాడు. పొద్దుగూకే లోపే నల్లమద్ది నేల కూలింది. బుడిపెలున్న కొమ్మలన్నీ ముక్కలు చేసి డీజిల్ పోసి మంట పెట్టారు. పాపం, మేకలకేం తెలుసు? కిందపడిన ఆకును సంబరంగా మేశాయి.

పొద్దున్నే ఆటో మళ్లీ వచ్చింది. రచనతో పాటు తమ వకీలు దయాకర్‌రావు దిగడం చూసి అంతయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఉరికిపోయి చేతులు జోడించాడు.

"మంచిగొచ్చిన్రు సారూ! గీ మేడం మమ్ముల జైల్ల ఏపిచ్చేటట్టున్నది. మేమేం నరకలే సారూ."

దయాకర్‌రావు మొద్దును చూస్తూ నిలబడ్డాడు. రచన బూడిద పక్కన కూర్చుని, కాలిన కొమ్మ ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది.

"రెండు దినాల సంది ఫోన్ చేస్తున్న. ఎందుకెత్తలే అంతయ్యా?" అన్నాడు వకీలు.

బియ్యం డబ్బాలో పడేసిన ఫోను అంతయ్యకు అప్పుడు గుర్తొచ్చింది.

"మూడు తరాల సంది మీరు గీడ ఉన్నరని రుజువు గావాలె. మన తాన కాయితం ముక్క లేదు. ఉన్నదంతా గా చెట్టే."

"మొద్దున్నది గద సారూ!" అంది కిష్టవ్వ.

"మొద్దు చెట్టు వయసు చెప్తదమ్మా. మీ మామ కొట్టిన మండల సంగతి చెప్పదు."

అంతయ్య బూడిద దగ్గర కూర్చున్న అమ్మాయిని ఇప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాడు.

"మరి... గీ మేడం ఎవలు సారూ?"

"మీ తాత గొడ్డలి గుర్తులు జూపిచ్చి, గీ చేను మీదేనని జడ్జి ముందల నిలబడి చెప్పెటందుకు నేను బతిమాలి పిలిపించుకున్న మన సాక్షి" అన్నాడు దయాకర్‌రావు.