జత కాగితాలు

"పెదనాయనా, రేపట్నుంచి నువ్వు రావద్దులే," అని హేమలత చెప్పేసింది.

ప్రభాకరరావు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఎందుకని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర కారణాలు బోలెడున్నాయి.

మార్కాపురంలో పలకల గోడౌను మీద రెండు గదుల్లో హేమలత నడిపే ఆఫీసు అది. మన దేశం వేరే దేశాలతో చేసుకున్న ఒప్పందాలు ఢిల్లీ నుంచి స్కాన్ కాపీలుగా వస్తాయి. ఏ దేశంతో, ఏ తేదీన, దేని గురించి అన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. రేపు ఎవరైనా ఒక్క మాట కొట్టి వెతికితే చాలు, కావలసిన ఒప్పందం దొరకాలి.

మనిషికి రోజుకు అరవై కాగితాలు. రాచర్ల నుంచి వచ్చే ఈ పెద్దాయన చేరి నాలుగు రోజులైంది, ఇరవై దాటడం లేదు. ఒక్కో కాగితాన్నీ పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తాడు. ఇంతకుముందు ఏం పని చేసేవాడో ఆమె అడగలేదు. ఆ తీరిక ఎక్కడిది?

పైగా పాఠాలు చెబుతాడు. మనవాళ్లు రాసిన ఉత్తరం ఒకటి, సరేనంటూ అవతలివాళ్లు ఇచ్చిన జవాబు ఒకటి, రెండూ కలిస్తేనే ఒప్పందమట. విడదీసి ఎక్కిస్తే రెండూ చిత్తు కాగితాలేనట.

"కాగితం అడుగున ఒకసారి చూడు తల్లీ," అన్నాడు లేస్తూ.

అడుగున ఏముంటుందో హేమలతకు తెలుసు. చేరిన ప్రతి పిల్లకూ మొదటిరోజే చెబుతుంది. ఎడమ పక్క చిన్న అక్షరాలూ, ఒక నంబరూ ఉంటాయి. టైపు కొట్టినవాళ్ల గుర్తు అది. మనకు అక్కర్లేదు, వదిలేయండి.

"చూసినాంలే పెదనాయనా. నీ బస్సు పోతాది."

ఆయన హాజరు పుస్తకంలో పొడి సంతకం గీకి మెట్లు దిగాడు.

రెండు గంటలకు ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. డెబ్బైల నాటి ఉత్తరాలూ జవాబులూ వేరువేరుగా ఎక్కాయట. ఐదింటిలోగా జతలు కలిపి పంపకపోతే కాంట్రాక్టు రద్దు.

పన్నెండు మంది ఆడపిల్లల ఉద్యోగాలు ఆ కాంట్రాక్టు మీదే ఉన్నాయి.

తేదీలతో కలుపుదామంటే సగం స్కానుల్లో తేదీలు అలుక్కుపోయాయి. దేశాలతో కలుపుదామంటే ఒక్కో దేశానికి నలభై ఉత్తరాలు. మూడున్నరకు ఏడు జతలు కుదిరాయి. అందులో రెండు తప్పు.

"అక్కా, ఆ తాత అడుగున చూడమన్యాడు గదా," అంది ఫెబీ బెరుకుగా. అక్కడ కొత్తగా చేరిన పిల్ల.

హేమలత ఒక ఉత్తరాన్ని పెద్దది చేసి కిందికి జరిపింది. కె.పి.ఆర్. పక్కన నూట పద్నాలుగు.

అందరూ తమ తమ స్క్రీన్లలో కాగితాల అడుగులు వెతికారు.

"నా జవాబు కిందా అదే ఉంది అక్కా," అంది ఫెబీ. "అవే అక్షరాలు, అదే నంబరు."

ఢిల్లీలో దాచుకోవడానికి ఉత్తరం నకలునూ జవాబు నకలునూ ఒకే మనిషి టైపు చేసి, జతకో నంబరు వేశాడు. ఒక్క జతకు కాదు, ప్రతి జతకూ. ఎవరు చెప్పారని అంత శ్రద్ధ పెట్టాడో మహానుభావుడు.

నాలుగూ యాభైకి ఆఖరి జత కుదిరింది. ఐదుకు రెండు నిమిషాల ముందు, సరిపోయిందని ఢిల్లీ నుంచి కబురొచ్చింది. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినంత పని చేశారు.

"ఆ తాతను పిలిపిద్దాం అక్కా," అంది ఫెబీ. "ఫోను నంబరేమన్నా ఇచ్చినాడా?"

హేమలతకు సిగ్గేసింది. నంబరు కాదు గదా, రాచర్లలో ఏ వీధో కూడా అడగలేదు. రాశాడేమోనన్న ఆశతో హాజరు పుస్తకం తెరిచింది.

నంబరు లేదు. ప్రభాకరరావు పేరుకు ఎదురుగా, నాలుగు రోజుల గడుల్లోనూ, మధ్యాహ్నమంతా వాళ్లు వెతికిన ఆ మూడక్షరాలే ఉన్నాయి, కె.పి.ఆర్.