వార్నీషు ఓళిగలు

తాంబాళం నిండా నలభై ఓళిగలు, బెల్లం బొబ్బట్లు, ఇంకా పొగలు పోలేదు.

రెండేళ్ల తర్వాత భీమమ్మ చేతికి మళ్లీ బెల్లం అంటింది. వానల్లేక కర్నూలు చుట్టుపక్కల పెళ్లిళ్లు నిలిచిపోయాయి. పెళ్లి వంటలకు పేరుపడ్డ మనిషి కరువు జనానికి గంజి కేంద్రంలో గంజి కాస్తోంది.

వనస్పతి కంపెనీ ఏజెంటు రామలింగప్ప అక్కడికే వచ్చి ఆమెను పిలిచాడు. మద్రాసు నుంచి ఫొటోగ్రాఫరు దిగాడట. క్యాలెండరు మీదికి పెళ్లి భోజనం కావాలట.

"చేస్తానప్పా. పోటో తీసినాక ఆ కూడు గంజికొచ్చేవాళ్లకు పెట్టాల."

"దానికేముందమ్మా. అట్నే పెడుదువులే."

ఆ మాట పట్టుకుని ఆమె తెల్లవారుజామునే కంపెనీ బంగళాలో పొయ్యి వెలిగించింది. ఒక్క విస్తరికి కాదు, ఒక బంతికి సరిపడా వండింది.

బంగళా గేటు అవతల వేపచెట్టు కింద ఆడవాళ్లు పిల్లలతో వచ్చి కూర్చున్నారు. రమ్మన్నది భీమమ్మే.

విస్తరాకులు పట్టుకుని హాల్లోకి వచ్చిన భీమమ్మ గడప మీదే ఆగిపోయింది.

ఫొటోగ్రాఫరు బ్రష్షుతో ఓళిగలకు ఏదో పూస్తున్నాడు. కొత్త తలుపుల వాసన.

"ఏందప్పా అది?"

"వార్నీషు," అన్నాడు రామలింగప్ప. "వనస్పతి ఆరితే తెల్లగా పేరుకుంటాది. ఇదైతే నెయ్యి మాదిరి మెరుస్తాది."

అన్నం రాశి ఎత్తుగా కనబడాలని రంపపు పొట్టు కలిపారు. పెరుగు తెల్లదనం చాలలేదని సున్నం కలిపారు. ఫొటోగ్రాఫరు మనిషొకడు రాశి వెనక నక్కి, బీడీ పొగ ఊదుతున్నాడు. అది వేడి అన్నం ఆవిరట.

ఎంగిలి పొగ.

"పోటోకు ఒక్క ఆకు చాలదా? అంతా ఎందుకు పాడు చేస్తిరి?"

"రాశి కనపడాలమ్మా. చూసినోనికి నోరూరాల."

"బయట జనం ఉండారు. నువ్వు మాటిచ్చినావు."

"కంపెనీ సరుకు, కంపెనీ ఇష్టం. ఇంత కూటికి నాతో పోట్లాడతావా?"

"గంజిలో పురుగు పడితే ఏరి పోస్తాండా. దీంట్లో ఏం ఏరాలో చెప్పు."

రామలింగప్ప ఫొటోగ్రాఫరుకు కానిమ్మని సైగ చేశాడు.

ఫొటోగ్రాఫరు కెమెరా వెనక నుంచి చెయ్యి ఊపాడు. ఆమె నీడ ఓళిగల మీద పడుతోందట, జరగమన్నాడు.

ఆమె జరగలేదు. రామలింగప్పే వచ్చి రెక్క పట్టుకుని పక్కకు లాగాడు.

నాలుగు ఫొటోలు తీశారు. అన్నీ గంపలకెత్తి గోడవతల చెత్తదిబ్బలో పోయమన్నారు.

భీమమ్మ గంపలకు అడ్డం నిలబడింది. "దిబ్బలో పోస్తే జనం ఏరుకుని తింటారు. తిని చస్తారు. ముట్టుకోవద్దండి."

పనివాళ్లు గంపలు దించి వెళ్లిపోయారు.

తోటమాలి దగ్గర గడ్డపార అడిగి పెరట్లో తవ్వడం మొదలుపెట్టింది. వైశాఖం ఎండ. నేల రాయిలా ఉంది. దెబ్బ దెబ్బకూ రామలింగప్పను తిట్టింది, వాడి కంపెనీని తిట్టింది, వచ్చి పిలవగానే ఎగేసుకుని పోయిన తననూ తిట్టుకుంది.

మోకాటి లోతు అయ్యేసరికి వెనక అలికిడి.

సిద్దమ్మవ్వ. రోజూ గంజి వరసలో ముందు నిలబడే ముసలామె. గేటు దగ్గర కూర్చుని కూర్చుని, లోపలికే వచ్చేసింది.

"ఏమాయ భీమమ్మా? పొద్దు వాలతా ఉండాది. పిల్లోళ్లు ఏడస్తాండారు."

"విషం పూసినారు అవ్వా. అన్నిట్లో కలిపినారు."

సిద్దమ్మవ్వ గంపలోంచి ఒక ఓళిగ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అట్లాగే పెట్టుకుని, మళ్లీ గంపలో పెట్టేసింది.

గుంటలోకి వంగి చూసింది. భీమమ్మ చేతిలోని గడ్డపార అందుకుంది.

"ఈ లోతు చాలదు. ఆకలికి మనోళ్లు తోడుకుని తింటారు."